విసారణైలో మన తెలుగు

‘విసారణై’ నేను మొదటిసారి చూసింది థియేటర్లో కాదు. 2016లో, చెన్నై ఓఎంఆర్ దగ్గర మేం నలుగురం అద్దెకుండే ఫ్లాట్‌లో, లాప్‌టాప్ మీద. మిగతా ముగ్గురూ తమిళవాళ్లు. మాకు దొరికిన కాపీలో సబ్‌టైటిల్స్ లేవు. సినిమా మొదటి సగం గుంటూరులో నడుస్తుంది కాబట్టి అక్కడి పోలీసులు మాట్లాడేది ఎక్కువగా తెలుగే. వాళ్లు నోరు తెరిచినప్పుడల్లా మావాళ్లు సినిమా ఆపి నా వైపు తిరిగేవాళ్లు. "ఏమంటున్నాడు?" నేను చెప్పేవాణ్ణి. అలా ఆ రాత్రంతా లాఠీ పట్టుకున్నవాడి మాటలు నా నోట్లోంచి వచ్చాయి.

కొన్నిచోట్ల తగ్గించి చెప్పాను. ఒక తిట్టు దగ్గర "ఏం లేదు, నిజం ఒప్పుకోమంటున్నాడు" అనేసి స్పేస్ బార్ నొక్కాను. ఎందుకలా చేశానో అప్పుడు ఆలోచించలేదు. ఈమధ్య ఆ సినిమా మళ్లీ చూశాక దాని గురించే ఆలోచిస్తున్నాను.

మాది కలువాయి. నెల్లూరు జిల్లాకి పడమటి అంచున, వెలిగొండల కింద. మా వైపు వాళ్లకి తమిళం మరీ పరాయి భాషేం కాదు. గుండె ఆపరేషన్‌కైనా, పెళ్లి బట్టలకైనా మద్రాసే. మా నాయనమ్మ చనిపోయేదాకా చెన్నై అనలేదు. అక్కడ చదువుకున్నవాళ్లూ, హోటల్ పెట్టుకున్నవాళ్లూ, నాలాగా కంప్యూటర్ ముందు కూర్చున్నవాళ్లూ ప్రతి వీధిలో ఒకరుంటారు. అక్కడ మనం ఎప్పుడూ పని కోసం వెళ్లినవాళ్లమే. ‘విసారణై’లో ఈ లెక్క తిరగబడుతుంది. పని కోసం వచ్చినవాళ్లు తమిళులు, కొట్టేవాళ్లు మనం.

సినిమాకి ఆధారం ఎం. చంద్రకుమార్ రాసిన ‘లాకప్’ అనే పుస్తకం. చంద్రకుమార్ కోయంబత్తూరులో ఆటో నడిపే మనిషి. 1983లో, పని వెతుక్కుంటూ వచ్చి గుంటూరులో ఉన్నప్పుడు, చెయ్యని దొంగతనం ఒప్పుకోమని పోలీసులు పట్టుకుపోయి రోజుల తరబడి హింసించారు. తర్వాత నెలల తరబడి జైల్లో ఉన్నాడు. అదంతా చాలా ఏళ్లకి కూర్చుని రాశాడు. వెట్రిమారన్ దాన్ని ఇప్పటి కాలానికి తెచ్చి సినిమా తీశాడు. 2015లో వెనిస్ ఫెస్టివల్లో ఆడింది, 2016 ఫిబ్రవరిలో విడుదలైంది, ఉత్తమ తమిళ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది, ఆ ఏడాది ఆస్కార్‌కి మన దేశం పంపిన సినిమా అదే. ఇవన్నీ అందరికీ తెలిసినవే. నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది వేరు. ఒక గుంటూరు స్టేషన్లో జరిగినదాని గురించి ఒక పుస్తకం, దాని మీద ఇంత పేరొచ్చిన సినిమా. మన సాహిత్య సంభాషణల్లో అది ఎప్పుడూ "ఒక గొప్ప తమిళ సినిమా"గానే వస్తుంది. మన ఊరి గురించిన సినిమాగా రాదు.

పాండి, అతని స్నేహితులు చిన్న చిన్న పనులు చేసుకుంటూ రాత్రిళ్లు పార్కులో పడుకుంటారు. ఒక పెద్దమనిషి ఇంట్లో దొంగతనం జరిగింది. పైనుంచి ఒత్తిడి. ఎవరో ఒకరు ఒప్పుకోవాలి. పోలీసులకి వీళ్ల మీద కోపం లేదు. ఇది సినిమాలో నన్ను ఎక్కువ భయపెట్టిన విషయం. కొట్టడం అక్కడ డ్యూటీ. కొట్టి, టీ తాగి, ఫైలు చూసుకుని, మళ్లీ వచ్చి కొడతారు. మా ఆఫీసుల్లో టికెట్ క్లోజ్ చెయ్యడం అని ఒకటుంటుంది. శుక్రవారం సాయంత్రంలోగా క్లోజ్ కాకపోతే సోమవారం మీటింగులో పేరు చదువుతారు. సమస్య తీరిందా లేదా అన్నది వేరే సంగతి, లిస్టులో ఎర్రరంగు పోవాలి. ఆ ఇన్‌స్పెక్టర్ మొహంలో నాకు కనిపించింది అదే తొందర. పోల్చడానికి సిగ్గుగా ఉంది కానీ, రాక్షసత్వం కన్నా ఆ తొందరే నాకు బాగా తెలిసిన వస్తువు.

ఆ ఇన్‌స్పెక్టర్‌గా వేసింది మన అజయ్ ఘోష్. ఆయన మాట్లాడే తెలుగు సినిమా పోలీసు తెలుగు కాదు. తొడగొట్టే డైలాగులుండవు. బస్టాండు ఎదురుగా టీ కొట్టు దగ్గర పక్కన కూర్చున్న మనిషి మాట్లాడినట్టుంటుంది. ఒకే గొంతుతో బుజ్జగిస్తాడు, అదే గొంతుతో చావగొట్టమంటాడు. తెలుగు సినిమాలో పోలీస్ స్టేషన్ మనకి బాగా అలవాటైన సెట్. ‘గబ్బర్ సింగ్’లో రౌడీలతో అంత్యాక్షరి పాడించే సీన్‌కి 2012లో హాల్లో నేను పడీ పడీ నవ్వాను. ఇప్పటికీ టీవీలో వస్తే ఛానల్ మార్చను. భయపడ్డ మనుషుల చేత పోలీసు పాటలు పాడిస్తుంటే నవ్వడానికి మనకి ఏ ఇబ్బందీ లేదు, ఎందుకంటే వాళ్లు రౌడీలని సినిమా ముందే చెప్పేసింది. ‘విసారణై’లో మార్చిందల్లా ఆ ఒక్క సమాచారాన్నే.

కోర్టు సీన్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. కుర్రాళ్లని మేజిస్ట్రేటు ముందుకి తెస్తారు. వాళ్లకి తెలుగు రాదు, ఆమెకి తమిళం రాదు. అదృష్టం కొద్దీ వేరే పని మీద గుంటూరు వచ్చిన తమిళనాడు ఇన్‌స్పెక్టర్ ముత్తువేల్ అక్కడున్నాడు. సముద్రఖని వేసిన పాత్ర. అతను వాళ్ల మాటల్ని ఉన్నదున్నట్టు చెబుతాడు. వాళ్లు విడుదలవుతారు. మొదటిసారి చూసినప్పుడు మా గదిలో అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండోసారి చూసినప్పుడు నాకు వేరేది కనిపించింది. ఆ హాల్లో అంత హింస గురించి నిజం బయటికి రావడానికి దారి ఒక అనువాదకుడు. ఆ అనువాదకుడు పోలీసు. అతనికి ఆ రోజు మూడ్ బాగాలేకపోయినా, గుంటూరు పోలీసులు తోటి డిపార్ట్‌మెంటు వాళ్లని మొహమాటపడినా, ఒక వాక్యం మింగేసినా అయిపోయేది. మంచివాడు దొరకడం మీద ఆధారపడిన న్యాయం అది. అందుకే మిగతా సగం సినిమాలో ఆ మంచివాడే వాళ్లని ఎక్కడికి తీసుకుపోతాడో చూపించడం వెట్రిమారన్‌కి అవసరమైంది.

ఆ రెండో సగం పుస్తకంలో లేదు. అది తెచ్చి అతికించినట్టుందని అప్పట్లో చాలామంది అన్నారు, నా ఫ్రెండ్సూ అన్నారు. మొదటి సగంలో ఉన్న పచ్చి నిజం రెండో సగంలో థ్రిల్లర్ అయిపోయిందని ఫిర్యాదు. నాకు మాత్రం ఇది లేకపోతే ‘విసారణై’ ఒక మంచి జాలి సినిమాగా మిగిలిపోయేది అనిపిస్తుంది. ముత్తువేల్ కోసం ఒక చిన్న సాయం చేసి, కుర్రాళ్లు అతనితో తమిళనాడుకి వస్తారు. స్టేషన్ శుభ్రం చెయ్యమంటే చేస్తుంటారు. పక్క గదిలో పోలీసులు తెచ్చిన ఒక ఆడిటర్ విచారణలో చనిపోతాడు. ఇక అక్కణ్నుంచి స్టేషన్ రచయితల గది అయిపోతుంది. శవాన్ని ఎక్కడ పెట్టాలి, దాన్ని ఆత్మహత్యగా ఎలా చూపించాలి, ఏ టైముకి ఎవరు ఎక్కడున్నట్టు రాయాలి. ఒకడు ఒక లొసుగు చెబితే ఇంకొకడు దాన్ని సరిచేస్తాడు. డ్రాఫ్ట్ మీద డ్రాఫ్ట్. చీపుళ్లు పట్టుకుని వీళ్లు అదంతా విన్నారు. కథ విన్నవాళ్లు మిగలకూడదు కాబట్టి వాళ్ల కోసం మరో కథ. చివరికి ఆ కథలకి మనసొప్పని ముత్తువేల్ కూడా వాటిలో ఒక పాత్ర అయిపోతాడు.

దెబ్బలు చూపించిన సినిమాలు చాలా ఉన్నాయి. ‘అసలు జరిగింది’ అని మర్నాడు మనం పేపర్లో చదివే పేరాగ్రాఫ్ ఎలా తయారవుతుందో, ఎన్ని చేతులు మారుతుందో ఇంత ఓపిగ్గా చూపించిన సినిమా నేనింకోటి చూడలేదు.

ఎందుకంటే ఆ పేరాగ్రాఫ్ మనకి బాగా తెలిసిన సాహిత్య ప్రక్రియ. తెలుగులో కథ, నవల, కవిత ఉన్నట్టే ఎన్‌కౌంటర్ ప్రకటన కూడా ఉంది. దాని నిర్మాణం యాభై ఏళ్లుగా పెద్దగా మారలేదు. సమయం తెల్లవారుజాము. స్థలం అడవి, లేదా ఊరికి దూరంగా కల్వర్టు. పోలీసులు లొంగిపొమ్మని హెచ్చరించారు. అవతలివాళ్లే ముందు దాడి చేశారు. ఆత్మరక్షణ కోసం తప్పనిసరి పరిస్థితుల్లో కాల్పులు. అటువైపు అందరూ చనిపోయారు, ఇటువైపు కొందరికి స్వల్ప గాయాలు. ఎమర్జెన్సీలో, 1975 జులైలో, మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు చనిపోయినప్పుడు వచ్చింది ఇలాంటి ప్రకటనే. వాళ్లలో ఒకరు వరంగల్ ఆర్ఇసిలో చదువుతున్న ఇంజనీరింగ్ విద్యార్థి. వాళ్లని చెట్లకి కట్టేసి కాల్చారని ఎమర్జెన్సీ అయ్యాక తార్కుండే కమిటీ తేల్చింది. ప్రకటనలో చెట్లున్నాయి, తాళ్లు లేవు.

ఇప్పుడు 2015 ఏప్రిల్ 7. ఆ ఒక్క రోజే రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు ఎన్‌కౌంటర్లు జరిగాయి. ఆలేరు దగ్గర, వరంగల్ జైలు నుంచి హైదరాబాదు కోర్టుకి తీసుకెళ్తున్న అయిదుగురు విచారణ ఖైదీలు పోలీసు వాహనంలోనే చనిపోయారు. మూత్రానికని ఆపమన్నారు, తుపాకీ లాక్కోబోయారు అన్నది కథ. ఫొటోల్లో వాళ్ల చేతులకి బేడీలున్నాయి. కథ రాసినవాళ్లకి బేడీలు తీయించాలన్న ఆలోచన కూడా రాలేదంటే, పాఠకుల మీద ఎంత నమ్మకమో చూడండి.

రెండోది శేషాచలం. తిరుపతి దగ్గర అడవిలో ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ కాల్పుల్లో 20 మంది కూలీలు చనిపోయారు. ఎక్కువమంది తిరువణ్ణామలై, ధర్మపురి జిల్లాలవాళ్లు. రాళ్లు, గొడ్డళ్లు, కొడవళ్లతో వందమందికి పైగా మీదపడ్డారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నారు. వాళ్లలో కొందరిని ముందురోజు బస్సులోంచి దించి తీసుకుపోయారని, తప్పించుకు వచ్చినవాళ్లు జాతీయ మానవ హక్కుల కమిషన్‌కి చెప్పారు. శవాల పక్కన పడున్న దుంగల మీద పాత నంబర్లున్నాయని హక్కుల సంఘాలు ఎత్తిచూపాయి. హైకోర్టు కొన్ని శవాలకి మళ్లీ పోస్ట్‌మార్టం చేయించింది.

అప్పుడు నేను చెన్నైలోనే ఉన్నాను. ఊరంతా అట్టుడికింది. ధర్నాలు, దిష్టిబొమ్మలు. ఆంధ్రా బస్సులు కొన్నాళ్లు ఆగిపోయాయి. మా ఫ్లాట్‌లో ఒకడిది తిరువణ్ణామలై జిల్లా. ఆ రాత్రి నా ఫోన్లో తెలుగు ఛానల్ చూస్తుంటే వచ్చి పక్కన కూర్చున్నాడు. కింద స్క్రోలింగ్ చూపించి "ఏమని వేస్తున్నారు?" అన్నాడు. అక్కడ స్మగ్లర్లు అని ఉంది. నేను కూలీలు అని చెప్పాను.

ఆ వారం రైల్లో నెల్లూరు దిగి, పొదలకూరు మీదుగా బస్సులో ఊరికెళ్లాను. సరిహద్దు దాటగానే కోపం ఆగిపోయింది. మా సెంటర్లో టీ తాగుతుంటే ఒకాయన అన్నాడు, "ఎవురు రమ్మన్నారబ్బా వాళ్లని మన కొండలకి?" ఎవరూ కాదనలేదు. ఆయన దుర్మార్గుడేం కాదు, కష్టమొస్తే రాత్రి రెండింటికైనా లేచొచ్చే మనిషి. మా వెలిగొండల్లోనూ ఎర్రచందనముంది. రాపూరు, ఆత్మకూరు, ఉదయగిరి అడవుల్లో దుంగలు దొరికాయనే వార్త జిల్లా పేజీలో వాతావరణం వార్తలాగా వస్తుంటుంది. "తమిళ కూలీలు" అనే మాట అందులో ఒకే పదంలాగా కలిసిపోయి ఉంటుంది. ఆ దుంగలు కొనేవాళ్లకి, పెట్టుబడి పెట్టేవాళ్లకి భాష పేరు ఉండదు.

ఇంజనీరింగ్ రోజుల్లో ఒకసారి సాయంత్రం బస్సులో ఊరికి వస్తుంటే మధ్యలో చెకింగ్ అని ఆపారు. ఇద్దరు ఎక్కి అందరి మొహాలూ చూసుకుంటూ వచ్చి, వెనక సీట్లో లుంగీలు కట్టుకున్న ముగ్గురి దగ్గర ఆగారు. "ఏ ఊరు?" వాళ్లు తమిళంలో ఏదో అన్నారు. అంతే. ఇంకేం అడగలేదు, దిగమన్నారు. దిగుతూ దిగుతూ వాళ్లలో పెద్దాయన కండక్టరుకి టికెట్ తిప్పి చూపించాడు. వెనక పెన్నుతో రాసిన చిల్లర బాకీ ఉంది. కండక్టర్ లెక్కపెట్టి ఇచ్చాడు. బస్సు కదిలింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. వాళ్లు నిజంగా దుంగల కోసమే వచ్చారో, నిమ్మతోటల్లో పనికే వచ్చారో నాకు తెలీదు. తర్వాత వాళ్లకి ఏమైందో కూడా తెలీదు. పేపర్లో ఏమీ రాలేదు కాబట్టి ఏమీ కాలేదనే అనుకున్నాను.

ఇక్కడే ‘విసారణై’ మీద నాకున్న అసలు పేచీ. పాండి, అతని స్నేహితులు పూర్తిగా నిర్దోషులు. ఆకు కూడా దొంగిలించలేదు. మన కోపం వాళ్ల కోసం సులభంగా కదులుతుంది. ‘జై భీమ్’లోనూ అంతే. 1993లో కడలూరు జిల్లాలో నిజంగా జరిగిన కస్టడీ చావు మీద తీసిన ఆ సినిమాలో రాజకన్ను చెయ్యని దొంగతనానికే చచ్చిపోయాడు, పారిపోయాడని పోలీసులు కథ అల్లారు. మన ‘నాంది’లో హీరో ఏ పాపం ఎరగడు. మొన్నటి ‘కోర్ట్’లో కుర్రాడూ అంతే. ఈ సినిమాలన్నీ నాకు ఇష్టమే, ‘నాంది’ తప్పుడు కేసులు పెట్టేవాళ్ల మీద అప్పట్లో వాడగలిగిన 211 సెక్షన్‌ని జనం నోళ్లలో నానేలా చేసింది కూడా. కానీ అన్నిట్లోనూ మనం టికెట్ కొనేముందే ఒక హామీ ఇచ్చారు: నువ్వు ఎవరి కోసం ఏడుస్తావో వాడు ఏమీ చేయలేదు. మరి చేసినవాడైతే? నిజంగానే గొడ్డలి తీసుకుని అడవిలోకి వచ్చినవాడైతే? చెట్టు కొట్టినందుకు చట్టంలో శిక్ష ఉంది. తెల్లవారుజామున తుపాకీ గుండు ఆ చట్టంలో లేదు. ఇంత చిన్న తేడా పట్టుకునే సినిమా మన దగ్గర లేదు.

ఎర్రచందనం మీద మనకి ఒక పెద్ద సినిమా వచ్చింది, 2021 డిసెంబరులో. ‘పుష్ప’లో కూలీగా మొదలైన హీరో సిండికేట్ దాకా ఎక్కుతాడు. ‘విసారణై’ ఇన్‌స్పెక్టర్ అజయ్ ఘోష్ అందులో కొండారెడ్డి అనే స్మగ్లర్. శేషాచలం అడవి, దుంగలు, టాస్క్‌ఫోర్స్ అన్నీ ఉన్నాయి. ఆ 20 మంది లేరు. ఉండాలని అనను, అది ఆ సినిమా పని కాదు. కానీ అదే అడవిలో ఆరేళ్ల కింద ఏం జరిగిందో తెలిసిన లక్షలమంది ఆ పాటకి చెప్పు ఈడుస్తూ డాన్స్ చేశాం. నేనూ చేశాను, మా టీం యాన్యువల్ డేలో, వీడియో ఉంది.

చప్పట్ల సంగతి కూడా చెప్పాలి. 2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టర్‌ని అత్యాచారం చేసి, చంపి, చటాన్‌పల్లి దగ్గర తగలబెట్టారు. అప్పటికి నేను హైదరాబాదు వచ్చేశాను. ఆ వారం రోజులు ఊళ్లో ఉన్న కోపం నేనెప్పుడూ చూడలేదు. న్యాయమైన కోపం. ఆమెకి ‘దిశ’ అని పేరు పెట్టారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితుల్ని అదే చోట కాల్చి చంపారు. వస్తువులు స్వాధీనం చేసుకోవడానికి తీసుకెళ్లాం, కళ్లలో మట్టి కొట్టి తుపాకులు లాక్కున్నారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అన్నారు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. మా ఆఫీసు గ్రూపులో వంద మెసేజీలు. అందులో మూడు చప్పట్ల బొమ్మలు నావి. అప్పటికి నేను ‘విసారణై’ చూసి మూడేళ్లు దాటింది.

ఆ ప్రకటన అబద్ధమేమో అని నాకు అనుమానం రాలేదని కాదు. దాన్ని ఎవరూ నమ్మలేదు, అదీ వింత. పూలు చల్లింది కథ నిజమని నమ్మి కాదు, అబద్ధమని తెలిసే. గిరాయిపల్లిలో కథ అల్లినవాళ్లు పాఠకుల్ని మోసం చేశారు. చటాన్‌పల్లికి వచ్చేసరికి పాఠకులం రచయితలతో కలిసిపోయాం. కప్పిపుచ్చడం అనే పనిలో ఇక దాచవలసిందేమీ మిగల్లేదు.

వారం తిరక్కుండానే సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. నివేదిక 2022 మే నెలలో బయటికొచ్చింది. దాదాపు నాలుగు వందల పేజీలు. రెండు వీకెండ్లు పట్టింది నాకు. ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, సాహిత్య విమర్శ ఎలా చెయ్యాలో నాకెవరూ నేర్పలేదు. ఈ మధ్య కాలంలో నేను చదివిన మంచి విమర్శ గ్రంథం ఏదని ఎవరైనా అడిగితే ఆ నివేదిక పేరే చెబుతాను. ముందు వాళ్లు చేసింది మనం ఒక కథకి చెయ్యాల్సిన పనే. పోలీసుల కథనంలో ఒక్కో వాక్యాన్నీ విడదీసి, ఇది ఇలా జరగడానికి వీలుందా అని అడగడం. ఒకరి వాంగ్మూలం పక్కన ఇంకొకరిది పెట్టి చూడడం. అందులో భావోద్వేగం ఒక్క వాక్యం లేదు, అదే పేజీ తిప్పనియ్యదు. తుపాకులు లాక్కున్న కథ నమ్మదగ్గది కాదని తేల్చారు. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారని, పదిమంది పోలీసుల్ని హత్యానేరం కింద విచారించాలని చెప్పారు. చనిపోయిన నలుగురిలో ముగ్గురు మైనర్లని కూడా.

ఆ ముగ్గురి వయసుల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నిందితులు నేరం చేశారా లేదా అన్నది ఇక ఏ కోర్టూ పూర్తిగా విచారించి తేల్చదు. దిశకి కూడా అది అన్యాయమే, ఆమె కేసులో తీర్పు అనేది ఎప్పటికీ ఉండదు. ఆ నివేదిక వచ్చిన రోజు మా ఆఫీసు గ్రూపులో ఆ వార్త ఎవరూ పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

ఎన్‌కౌంటర్ ప్రకటన అనే ప్రక్రియకి మన తెలుగులోనే ఒక విరుగుడు ప్రక్రియ పుట్టింది. నిజనిర్ధారణ నివేదిక. నలుగురైదుగురు బస్సెక్కి ఆ ఊరు వెళ్లి, ఇల్లిల్లూ తిరిగి, ఎవరేం చూశారో రాసుకొచ్చి, పలచటి కాగితం మీద అచ్చువేసిన ఆ కరపత్రాలు మన విమర్శకుల లెక్కలోకి ఎప్పుడూ రాలేదు. బాలగోపాల్ ‘రూపం-సారం’ గురించి మాట్లాడుకున్నంతగా, ఆయన ఊళ్లు తిరిగి రాసిన నివేదికల వచనం గురించి మాట్లాడుకోం. గణితం చెప్పిన మనిషి, సాహిత్యం మీద రాసిన మనిషి, తర్వాత లాయరైన మనిషి. ఆ మూడూ ఆ వచనంలో కనిపిస్తాయి. విశేషణాలు తక్కువ, ఎవరు ఎక్కడ నిలబడి చూశారన్నది ముఖ్యం. పౌరహక్కుల సంఘం వేసిన కేసులోనే 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం, ఎన్‌కౌంటర్ చావు ప్రతిదానికీ ఎఫ్ఐఆర్ పెట్టాలని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాలని చెప్పింది. సుప్రీంకోర్టులో అది నిలవలేదు. 2014లో సుప్రీంకోర్టే వేరే కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది, స్వతంత్ర దర్యాప్తు, మెజిస్టీరియల్ విచారణ వగైరా. శేషాచలం, ఆలేరు, చటాన్‌పల్లి ఆ మార్గదర్శకాల తర్వాత జరిగినవి.

ఈ వ్యాసం రాయడానికి ‘విసారణై’ మూడోసారి చూశాను, ఒక్కణ్ణే. గుంటూరు స్టేషన్ సీన్లలో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు కాబట్టి సినిమా ఎక్కడా ఆగకుండా నడిచింది. ఆపకుండా వింటే ఆ తెలుగు భరించడం కష్టం. నేను తగ్గించి చెప్పిన తిట్టు దగ్గరికి వచ్చేసరికి, తెలియకుండానే చెయ్యి స్పేస్ బార్ మీదకి వెళ్లింది.

మర్నాడు ఆ తిరువణ్ణామలై వాడికి ఫోన్ చేశాను. ఇప్పుడు వాడు బెంగళూరులో ఉన్నాడు, ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి సంగతి గుర్తు చేసి, అప్పుడు నేను కొన్ని తప్పు చెప్పానని అన్నాను. ఛానల్ స్క్రోలింగ్ సంగతి కూడా చెప్పాను.

"అప్పుడే తెలుసు మచ్చీ," అన్నాడు. "నువ్వు మొహం అటు తిప్పుకుని చెప్పావు గదా. ఇంకేం అడుగుతాంలే అని ఊరుకున్నా."